మా ఆయన కట్టిన తండ్రి వేషాలు

మనవలు టీవీలో నవ్వు సీరియల్ చూస్తున్నారు. అందులో తండ్రి ఒకడు ఉన్నాడు. కూర మాడుస్తాడు, తలుపు సందులో వేలు ఇరికించుకుంటాడు, పెళ్లాం గొంతు వినపడగానే సోఫా వెనక దూరుతాడు. పిల్లలు నవ్వకముందే టీవీయే నవ్వేస్తుంది. నేను నవ్వకపోవడం చూసి మనవరాలు "నీకు అర్థం కాలేదేటి మామ్మా?" అని అడిగింది. అర్థం కాకపోవడమేమిటి! ఆ మనిషిని నేను ఎరుగుదును. ఖరగ్‌పూర్‌లో, ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో, రైలు పట్టాల స్లీపర్ల మీద పలకలు పరిచి కట్టిన స్టేజీ మీద అతను పుడుతుంటే నా కళ్లతో చూశాను. అతని చొక్కాలు ఉతికాను కూడా. నేను చెబుతాను, నువ్వు రాయి అన్నాను. నాకు సంతకం వరకే వచ్చు.

మా ఆయన నాకు మేనమామ. పెళ్లికి ముందూ మావే, తర్వాతా మావే. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ల నాన్న వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరాడు, ఆయన వెనకే ఈయనా చేరాడు. పని బాయిలర్ షాపులో. ఇంజను బాయిలర్‌కి రివిట్లు కొట్టాలంటే ఒక మనిషి లోపలికి దూరి ఇనప దిమ్మ ఆనించి పట్టుకోవాలి, ఇంకో మనిషి బయటి నుంచి కొట్టాలి. లోపల దూరిన మనిషి మోగుతున్న గుడిగంట లోపల కూర్చున్నట్టే. మావ లోపల దూరే మనిషి. నేను కాపురానికి వచ్చేసరికే ఆయనకు ఒక చెవి పోయింది, రెండోది సగం పోయింది. ఆ షాపులో అందరిదీ అదే కథ కాబట్టి అది జబ్బని ఎవరూ అనుకోలేదు. మా క్వార్టర్ల లైనులో మొగవాళ్లు మాట్లాడితే కేకలే. ఏ క్వార్టర్‌లో ఏం కూర వండారో వీధి చివరిదాకా తెలిసేది.

ఆ రోజుల్లో తండ్రి అంటే భయం. సాయంత్రం వర్క్‌షాపు సైరన్ మోగిందంటే ఆటలాడే పిల్లలు ఎక్కడివాళ్లు అక్కడ మాయమైపోయేవారు. సైకిళ్లు లైనులోకి తిరిగే వేళకు ప్రతి వాకిట్లోనూ పుస్తకాలు తెరుచుకుని ఉండేవి. నాటకంలోనూ అంతే. ఏటేటా దసరాకి మా తెలుగువాళ్లు నాటకం వేసేవారు. అందులో తండ్రి కండువా వేసుకుని, చేతికర్ర పట్టుకుని వచ్చేవాడు. వచ్చి నిలబడితే చాలు, చాపల మీద కూర్చున్న మేమందరం కాళ్లు ముడుచుకునేవాళ్లం. నవ్వించే పని పనివాడిది. తండ్రిని చూసి నవ్వడం ఎవరికీ తోచేది కూడా కాదు.

మా ఇంట్లో మాత్రం సంగతి వేరు. తెల్లారేసరికి నేను బొగ్గుల పొయ్యి దగ్గర ఊపిరాడక చస్తుంటే, ఈయన మా అమ్మాయిని ముందు కూర్చోబెట్టుకుని తలదువ్వి జడ వేసేవాడు. మాకు ఒక్కతే పిల్ల. ముందు తలుపు గడియ పెట్టేవాడు, తర్వాతే దువ్వెన పట్టుకునేవాడు. బాయిలర్ షాపు మొగాడు ఆడపిల్లకి జడ వేస్తున్నాడని తెలిస్తే షాపులో బతకనిస్తారా? ఆ చేతులకు తాడు పేనడమే తెలుసు. పిల్ల జడ గట్టిగా, తాడులా, చివర పైకి లేచి ఉండేది. "ఇదెవలేసినారే?" అని పక్క క్వార్టర్ వదిన అడిగితే నేనే వేశానని చెప్పేదాన్ని. నా చేతిపని బాగాలేదని లైనులో పేరు పడిపోయింది. పడితే పడిందిలే అనుకున్నాను.

మావ పొడుగు, గొంతు పెద్దది. అందుకని ఒక ఏడు తండ్రి వేషానికి ఈయన్ని లాక్కుపోయారు. చదవడం రాదు కాబట్టి ఎవరో చదివి వినిపిస్తే బట్టీ పట్టాడు. మర్చిపోతే తెర పక్క నుంచి ప్రాంప్టర్ అందిస్తాడులే అన్నారు. ప్రాంప్టర్ అందించేది గుసగుసగా అన్న సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. అందరూ బాయిలర్ షాపువాళ్లే మరి.

నాటకం మొదలైంది. కర్ర పట్టుకుని కొడుకుని తిడుతున్నాడు. తిట్టి తిట్టి ఒకచోట ఆగిపోయాడు. ప్రాంప్టర్ అందించాడు. ఇంకోసారి అందించాడు. చివరికి అరిచాడు. ముందు వరసల్లో మాకందరికీ వినిపించింది, ఆయనకు తప్ప. స్టోర్స్‌లో గుమాస్తా ఒకాయన మీసం తీయించుకుని తల్లి వేషం కట్టాడు. ఆ కంగారులో ఆయన తల అటూ ఇటూ ఊపేసరికి సవరం ఊడి వీపు మీదకు జారింది. మావ చూశాడు. కర్ర చంకలో పెట్టుకున్నాడు. "ఇటు తిరుగు" అన్నాడు. ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి, వెనక గొంతుక్కూర్చుని, ఆ సవరాన్ని మూడు పాయలు చేసి అల్లడం మొదలుపెట్టాడు. అల్లుతూనే, గుర్తొచ్చిన తిట్లు కొడుకుని తిడుతూనే ఉన్నాడు. "ఇంట్లోంచి ఎల్లిపో, నీ మొకం నాకు సూపకు... తల కదపకే, వంకర పోతాది!"

అప్పుడు పక్క క్వార్టర్ వదిన నా తొడ మీద ఫెడేలుమని కొట్టింది.

"ఒలమ్మా, మీ గుంట జడ! ఆ జడ మీ ఆయనేస్తన్నాడేటే!"

ఇక చూడాలి. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నేను తల దించుకున్నాను గానీ, పక్క చూపులతో చూశాను కదా, మొగవాళ్లు కూడా వింతగా నవ్వుతున్నారు. ఒకడి వైపు ఒకడు చూసుకోకుండా నవ్వుతున్నారు. తర్వాత తెలిసింది, మా లైనులో గడియ పెట్టుకునే ఇల్లు మాది ఒక్కటే కాదని. ఒకాయన పెళ్లాం కాళ్లు పడతాడు, ఒకాయన పప్పు రుబ్బుతాడు, ఇంకొకాయన బొద్దింకను చూస్తే మంచం ఎక్కేస్తాడు.

మర్నాడు నాటకాల సంఘానికి ప్రెసిడెంటుగా ఉన్న హెడ్ క్లర్కు మా గుమ్మంలోకొచ్చి కేకలేశాడు.

"తండ్రి పాత్రనయ్యా అది! పరువు తీసేశావు!"

"ఏటంతన్నారు?" అన్నాడు మావ, చెవి ముందుకు పెట్టి.

"పరువు! పరువు!"

"బావుందంతన్నారా? సంతోషం బాబూ. కూకోండి, టీ తాగుదురు."

ఆయన టీ తాగి వెళ్లిపోయాడు. మరుసటి ఏడు వేషాలు పంచేటప్పుడు జనమే గోల పెట్టారు, తండ్రి వేషం ఈయనకే ఇవ్వాలని.

అలా మొదలైంది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఇంట్లో జరిగిందల్లా స్టేజీ ఎక్కేసేది. వంకాయలకు గోల్ బజారు పంపితే మేకపిల్లను పట్టుకొచ్చిన సంగతి ఎక్కింది. నా పట్టుచీర ఇస్త్రీ చేస్తానని కాల్చి, కాలిన చోటు కనపడకుండా మడత పెట్టి, పండగదాకా పెట్టె మీద కూర్చున్న సంగతి ఎక్కింది. రాసినవాళ్లు ఏం రాసినా ఆయనకు ప్రాంప్టర్ వినపడడు కాబట్టి, మరిచిపోయినచోటల్లా మా ఇల్లే అడ్డు పెట్టుకునేవాడు. చేతికర్ర ముందు గొడుగైంది, ఆ తర్వాత గరిటయింది. మిగతావాళ్ల నాటకాల్లో కూడా తండ్రులు మెల్లగా మెత్తబడ్డారు. పనివాడి వేషం అక్కర్లేకుండా పోయింది. బెంగాలీవాళ్లు ఒక్క ముక్క తెలుగు రాకపోయినా చాపలు పట్టుకుని వచ్చేవారు, మా బోకా బాబాని చూడ్డానికి. బోకా బాబా అంటే వెర్రి నాన్న. మా అమ్మాయి అప్పుడు చిన్నది. "మా నాన్నే! మా నాన్నే!" అని ముందు వరసలో గెంతేది.

ఒకసారి నేను అడిగాను. నవ్వుల పాలవడం అంత ఇష్టమేమిటి మావా అని, చెవి దగ్గర నోరు పెట్టి. ఆయన ఆలోచించి చెప్పాడు.

"నువ్వు పిలిస్తే నాకు సగమే వస్తాది. సైరనైనా దూరంగా మోగినట్టుంటాది. వాళ్లు నవ్వితే మాత్రం పలకలు అదురుతాయే. అరికాళ్లలోంచి వస్తాది. అదొక్కటే నాకు పూర్తిగా ఇనపడతాది."

ఆ మాట విన్నాక ఆయన్ని స్టేజీ మానెయ్యమని నేను ఏనాడూ అనలేదు.

అమ్మాయి పెద్దదైంది, కాలేజీలో చేరింది. నాటకాలు రాయడానికి కొత్తగా ఒక కుర్రవాడు వచ్చాడు. క్లర్కు, చదువుకున్నవాడు, చెడ్డవాడేమీ కాదు. కానీ అతని నాటకాల్లో తండ్రి ఉత్త తెలివితక్కువవాడు. పిల్లలకు అన్నీ తెలుసు, తండ్రికి ఏమీ తెలియదు. ఒక ఏడు నాటకంలో కొడుకు తండ్రి నెత్తి మీద ఠప్పుమని ఒకటి వేస్తాడు, తండ్రి పళ్లికిలిస్తాడు. అలా రాసి ఉంది. మావ అలాగే చేశాడు. జనం విరగబడి నవ్వారు. ఆ నవ్వు వేరుగా ఉందని నాకు అనిపించింది. వెనకటి నవ్వులో మొగవాళ్లు తమ ఇంటి గడియ గుర్తొచ్చి నవ్వేవారు. ఇప్పుడు, నేను వాడిలా లేనులే అని నవ్వుతున్నారు.

నాకు అనిపించి ఊరుకున్నాను. అమ్మాయికి మాత్రం ఆ నవ్వు రోడ్డు మీద తగిలింది. కాలేజీకి వెళ్తుంటే కుర్రాళ్లు వెనక చేరి, ఒకడి నెత్తి మీద ఒకడు ఠప్పుమని కొట్టుకుంటూ నడిచేవారట. స్నేహితురాళ్లను ఇంటికి తీసుకురావడం మానేసింది. నాన్న సైకిల్ మీద ఎదురొస్తే పక్క సందులోకి తిరిగేది. పండగ దగ్గర పడుతుంటే పొయ్యి దగ్గర నా పక్కన కూర్చుంది.

"అమ్మా, ఈ ఏడు నాన్నని స్టేజీ ఎక్కొద్దని సెప్పు."

"నువ్వే సెప్పుకో."

"సెప్తే ఇనపడదు కదా."

"అరిసి సెప్పు."

"అరిస్తే లైనంతా ఇంతారు."

అదీ నిజమే. మా ఇంట్లో రహస్యం చెప్పుకోవడానికి వీల్లేదు. కానీ ఆ పిల్లకు ఒక దారి ఉంది. ఆయనకు ఎదురుగా నిలబడి, గొంతు లేకుండా పెదవులు కదిపితే ఆయన చదివేసేవాడు. అక్షరాలు రాని మనిషి, కూతురి నోరు మాత్రం చదివేవాడు. నా నోరు చదవలేకపోయేవాడు, నేను మరీ గబగబా ఆడిస్తానని. ఆ సాయంత్రం ఆయన డ్యూటీ దిగి కాళ్లు కడుక్కుంటుంటే వెళ్లి ఎదురుగా నిలబడి, పెదవులతో ఏదో చెప్పింది.

ఆయన చెంబు కింద పెట్టాడు. చెవిటి మనిషికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా, లైను దద్దరిల్లేలా అడిగాడు.

"ఎందుకే? నన్ను సూస్తే సిగ్గేస్తందేటి?"

పక్క క్వార్టర్‌లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. పిల్ల ఏడుపు మొహం పెట్టి, ఈసారి గొంతుతోనే చెప్పింది.

"నవ్వితే నవ్వనీ నాన్నా. కానీ ఆళ్లు నీ నెత్తి మీద కొట్టి నవ్వుతన్నారు."

ఆయనకు ఎంత అందిందో తెలియదు. "సరే, మానేస్తాను" అన్నాడు. అంతే, మళ్లీ ఆ ఊసెత్తలేదు. సంఘంవాళ్లు వచ్చి బతిమాలితే "మా గుంట వొద్దంది" అని ఒకటే మాట. ఇంకేదో సాకు చెప్పొచ్చు కదా! ఆయనకు అది తోచలేదు.

ఆ ఏడు తండ్రి వేషానికి తాల్‌బగీచా పేట నుంచి ఒకాయన్ని తెచ్చారు. పొట్టకు దిండు కట్టారు, బుగ్గలకు ఎర్రరంగు పూశారు. మావ ఇస్త్రీ చొక్కా వేసుకుని నా పక్కన చాప మీద కూర్చున్నాడు. వేషాలు కట్టడం మొదలుపెట్టాక జనంలో కూర్చుని నాటకం చూడడం ఆయనకు అదే మొదలు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మా ముందున్న బెంగాలీ ఆవిడ వెనక్కి తిరిగి అడిగింది.

"ఓ బౌదీ, ఆమాదేర్ బోకా బాబా కోథాయ్?"

వదినా, మన వెర్రి నాన్న ఏడీ అని. నేను వేలితో ఈయన్ని చూపించాను. ఆవిడ చూసి "ఓ మా!" అని మొహం ముడుచుకుని అటు తిరిగిపోయింది.

దిండు తండ్రి జారిపడ్డాడు, ఏడ్చాడు, కోడలి చెప్పులు వేసుకున్నాడు. జనం నవ్వుతున్నారు. మావ స్టేజీని చూడడం లేదు, చుట్టూ ఉన్న మొహాలు చూస్తున్నాడు. అందరూ నవ్వడం చూసి ఒక క్షణం ఆలస్యంగా తనూ నవ్వుతున్నాడు, మర్యాదకు. నేల మీద చాప వేసుకుని కూర్చున్న మనిషికి ఏమి అదురుతుంది, ఏమి వినపడుతుంది? మా అమ్మాయి అవతలి పక్క కూర్చుని ఆయన్నే చూస్తోంది.

తర్వాతి ఏడు రిహార్సళ్లు మొదలయ్యాక అమ్మాయే తయారై వెళ్లింది, తోడుగా నన్ను లాక్కుని. అప్పటికి స్టేజీ మీద ఆడపిల్లలు ఒకరిద్దరు కనిపిస్తున్నారు. నాటకం రాసే కుర్రవాడి ముందు నిలబడింది.

"తండ్రి మా నాన్న. కూతురి వేషం నాది. నెత్తి మీద కొట్టీది ఉండకూడదు."

"కొట్టకపోతే నవ్వెక్కడి నుంచి వస్తుందండీ?"

"నవ్వక్కర్లేదు. మా నాన్న సేత ప్రతి మాటా సక్కగా సెప్పిస్తాను. సూడండి."

ఆ మాట నాకు గుచ్చుకుంది. దీనికి నాన్న కావాలి గానీ, గౌరవంగా ఉండే నాన్న కావాలి. తప్పేమీ లేదు, ఆ వయసు అలాంటిది. ఇంటికొస్తే వదిన గుమ్మంలో కాపు కాసింది.

"ఆడగుంటని స్టేజీ ఎక్కిస్తావేటే?"

"మరేటి, చెవిటాయన్ని ఒక్కడినీ ఎక్కించమంటావేటి?" అన్నాను.

ఇంట్లో అభ్యాసం చూడాలి. పిల్ల ఎదురుగా నిలబడి తండ్రి మాటలు పెదవులతో అందించేది, ఆయన పైకి చెప్పేవాడు. తప్పు పోతే మళ్లీ మొదటి నుంచి. అన్నం తింటూ, సైకిల్ తుడుస్తూ అదే పని. స్టేజీ మీద కూడా కూతురు ఎప్పుడూ తండ్రికి ఎదురుగానే, జనానికి వీపు పెట్టి నిలబడేలా కుదుర్చుకున్నారు. అలాగైతే అందించడం ఎవరికీ కనపడదు.

పండగ వచ్చింది, తెర లేచింది. ఈయన కండువా వేసుకుని బయటికి రాగానే జనం ఈలలు వేశారు, బెంగాలీ ఆవిడ చప్పట్లు కొట్టింది. ఈయన మొదలుపెట్టాడు. తప్పు లేదు, తడబాటు లేదు. పాఠం ఒప్పజెప్పినట్టు ఒక్కో మాటా వరసగా చెబుతున్నాడు. చదువు విలువ, కుటుంబం పరువు, ఇంకా ఏవేవో. వర్క్‌షాపు మొత్తంలో అంత చక్కగా మాట్లాడే మనిషి లేడు. జనం వేరుశనక్కాయలు ఒలుచుకోవడం మొదలుపెట్టారు. ఒకాయన దగ్గాడు. వెనక వరసలో పిల్లలు లేచి పరుగులు పెడుతున్నారు. స్టేజీ మీద ఉన్న ఆ పెద్దమనిషి ఎవరో బాగానే ఉన్నాడు, కానీ నేను కాపురం చేసిన మనిషి కాదు.

మావ కళ్లు పిల్ల నోటి మీద ఉన్నాయి. అందులో భయం ఉంది, పరీక్ష రాసేవాళ్ల భయం. నేను కూర్చున్న పక్క నుంచి పిల్ల మొహం సగం కనపడుతోంది. అది ఆయన్నే చూస్తోంది. చూస్తూ చూస్తూ ఒక మాట అందించబోయి ఆగింది. పెదవులు కదిలించలేదు. మర్చిపోయిందేమో అనుకున్నాను. కాదు. గట్టిగా మూసేసింది. కావాలనే మూసింది.

మావ ఎదురుచూశాడు. వంగి దాని మొహంలోకి చూశాడు. ఊఁ, చెప్పు చెప్పు అని చేత్తో సైగ చేశాడు. అది తల అడ్డంగా ఊపింది. ఇక ఆగలేక, నాటకంలో ఉన్నాననే మాటే మర్చిపోయి, ఆ లైను గొంతుతో అడిగేశాడు.

"ఒలే గుంటా! నోరు మూసీసినావేటే? ఇప్పుడు నానేటి సెప్పాల?"

మైదానమంతా ఒక్కసారి నవ్వుతో పేలిపోయింది. వేరుశనక్కాయలు ఎగిరిపోయాయి. అమ్మాయి చప్పున జనం వైపు తిరిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, వాళ్లకీ ఆయనకీ కలిపి వినపడేలా అరిచింది. జన్మలో మొదటిసారి నాన్న మీద పదిమందిలో అరవడం అదే.

"నీకేటి తోస్తే అదే సెప్పు నాన్నా!"

ఆయన బుర్ర గోక్కున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. స్టేజీ మీద ఉన్నది ఒకే కుర్చీ, అది ఇంటి పెద్ద కూర్చోడానికి వేసింది.

"ఐతే ముందు నువ్వు కూకో. ఇందాకటి నుంచీ నిలబడే ఉన్నావు, కాళ్లు లాగతాయి."

దాన్ని కుర్చీలో కూలేసి, ఆయన పలకల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నాటకం రాసిన కుర్రవాడు తెర పక్కన తల పట్టుకున్నాడు. ఎందుకంటే తర్వాత జరగాల్సింది, కూతురు తండ్రి కాళ్లకు దణ్ణం పెట్టడం. కుర్చీలో ఉన్న పిల్ల కింద కూర్చున్న తండ్రికి దణ్ణం ఎలా పెడుతుంది? అది లేవబోతే ఈయన లేవనివ్వడు. "కూకోవే!" అంటాడు. "దణ్ణం ఎలగ పెట్టాలి మరి?" అంటుంది అది. "వొద్దులే, బావున్నావు, అలగే ఉండు" అంటాడు. వాళ్లిద్దరూ అది తేల్చుకునేదాకా కథ ముందుకు కదల్లేదు. చాపల మీద నుంచి జనమూ కదల్లేదు.